నాన్న ఈపీఎస్ పింఛను: మూడేళ్ళు తీసుకున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, సర్వీసుకి ఐదుకి మూడు స్టార్లు, చేతికొచ్చే సొమ్ముకి ఒకటి. కలిపి రెండు అనుకోండి. నాన్నకి 2023 ఏప్రిల్‌లో 58 నిండాయి, అప్పటినుంచి ఈపీఎస్-95 పింఛను మీద ఉన్నాడు, అంటే పీఎఫ్ కట్టే ఉద్యోగులకి 1995 నుంచి ఉన్న పింఛను పథకం. మొదటి ఏడాదే రాసుంటే అంతా కోపమే ఉండేది. ఇప్పుడు మూడేళ్ళు కావస్తోంది, మంచీ చెడూ రెండూ చూశాం, అందుకే రాస్తున్నా. పీణ్య, బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీ షెడ్లలో ఇరవై ముప్పై ఏళ్ళు పని చేసి ఒక్కొక్కరుగా రిటైర్ అవుతున్న మనవాళ్ళు బెంగళూరులో చాలామంది ఉన్నారు, ఎక్కువగా చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళకి ఈ కాగితాల సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. వాళ్ళ పిల్లలైనా ఇది చదువుతారని నా ఆశ.

మాది కుప్పం దగ్గర పల్లె. నాన్న 1998 మార్చిలో పీణ్యకి వచ్చి లేత్ (ఇనుము చెక్కే మెషిన్) మీద చేరాడు. 2004 దాకా ఒక షెడ్డు, ఆ తర్వాత రిటైర్ అయ్యేదాకా ఇంకో కంపెనీ. లగ్గెరెలో అద్దె ఇల్లు, అమ్మ, అన్నయ్య, వదిన, నేను. నేను అకౌంట్స్ పని చేస్తాను కాబట్టి ఇంట్లో కాగితాలన్నీ నా నెత్తి మీదే.

ఈ పింఛను ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళ కోసం. నెలనెలా మన జీతంలో బేసిక్, డీఏ (కరువు భత్యం) మీద 12 శాతం కోస్తారు, అదంతా మన పీఎఫ్‌లోకే పోతుంది. కంపెనీ కూడా 12 శాతం వేస్తుంది, అందులో 8.33 శాతం పింఛను ఫండుకి పోతుంది, మిగతా 3.67 శాతమే పీఎఫ్‌కి. కేంద్ర ప్రభుత్వం తన వంతుగా జీతంలో 1.16 శాతం పింఛను ఫండుకి కలుపుతుంది. అయితే పింఛను ఫండుకి పోయేదానికి ఒక జీతం సీలింగ్ ఉంది. 2014 ఆగస్టు దాకా 6,500, ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి 15,000. జీతం ఎంత పెరిగినా పింఛను లెక్కకి అంతకంటే పైది రాదు. నాన్న పాస్‌బుక్ తీసి చూస్తే ఆ పింఛను కాలమ్‌లో ఏళ్ళ తరబడి 541, 541, 541 అని ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా 1,250 అవుతుంది, ఇక అక్కడి నుంచి కదలదు. సీలింగ్ కదిలితేనే ఆ అంకె కదులుతుంది. 2014 తర్వాత అది కదలలేదు.

పింఛను లెక్క సులువే. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చవేసి 70తో భాగించడమే. 2014 సెప్టెంబర్‌కి ముందు చేసిన సర్వీసుకి 6,500 సీలింగ్, ఆ తర్వాతి సర్వీసుకి 15,000 సీలింగ్, విడివిడిగా లెక్కేసి కలుపుతారు. 20 ఏళ్ళ సర్వీసు దాటితే రెండేళ్ళు అదనంగా కలుపుతారు. ఈ ఆఖరి మాట గుర్తు పెట్టుకోండి, మా ఇంట్లో దాని కోసమే ఎనిమిది నెలలు తిరిగాం.

నాన్నకి మొదట వచ్చిన ఆర్డర్‌లో నెలకి 2,800 చిల్లర అని ఉంది. నేను రెండుసార్లు లెక్కేశాను. 2004 నుంచి 2023 దాకా ఉన్న 19 ఏళ్ళే తీసుకున్నారు, మొదటి షెడ్డులో చేసిన ఆరేళ్ళు ఎక్కడా లేవు. ఆరేళ్ళు పోయినందుకు ఒక నష్టం, 20 ఏళ్ళు నిండనందుకు ఆ రెండేళ్ళ అదనం కూడా పోవడం ఇంకో నష్టం. ఏం జరిగిందంటే, ఆ మొదటి షెడ్డు 2009లోనే మూతపడింది. మూసేటప్పుడు అక్కడి యజమాని పనివాళ్ళు ఏ తేదీన మానేశారో రికార్డులో ఎక్కించలేదు. ఎన్ని కంపెనీలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబర్లు, యూఏఎన్ అంటారు, అవి 2014లో కదా వచ్చాయి, అప్పటికి ఆ షెడ్డూ లేదు, దాని రికార్డు రాసే మనిషీ లేడు. దాంతో నాన్న పాత పీఎఫ్ నంబర్ కొత్త యూఏఎన్‌కి అతుక్కోకుండా గాలిలో ఉండిపోయింది.

మమ్మల్ని కాపాడింది నాన్న అలవాటు. పెళ్ళిళ్ళకి చీరలు కొన్నప్పుడు ఇచ్చే పెద్ద ప్లాస్టిక్ కవర్ ఒకటి బీరువా పైన ఎప్పుడూ ఉండేది, పండగ సున్నాలప్పుడు తప్ప కిందికి దిగేది కాదు. అందులో 1999 నుంచి పీఎఫ్ వార్షిక స్లిప్పులు, ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు, మూడు నాలుగు జీతం చీటీలు, నూనె మరకలతో సహా ఉన్నాయి. ఒక స్లిప్పు మీద కేఎన్‌తో మొదలయ్యే పాత నంబర్ పెన్నుతో దిద్ది ఉంది. ఆ అక్షరాలు నాన్నవే. అప్పుడే ఎందుకో అనుమానం వచ్చి తన నంబర్ తనే పెద్దగా రాసుకున్నాడట. ఆ చీటీలతో జాయింట్ డిక్లరేషన్ పెట్టాం, పీఎఫ్ రికార్డు దిద్దమని ఉద్యోగి, యజమాని కలిసి పెట్టే అర్జీ అది. మూతపడ్డ కంపెనీ అయితే యజమాని సంతకం బదులు గెజిటెడ్ అధికారి లాంటివాళ్ళ సంతకంతో పెట్టుకునే వీలుంది, ఇది చాలామందికి తెలియక వదిలేసుకుంటారు. ఎనిమిది నెలలకి ఆరేళ్ళ సర్వీసు కలిసింది, రెండేళ్ళ అదనం వచ్చింది, పింఛను 3,600 దాటింది, పాత బకాయి కూడా ఒకేసారి పడింది. నెలకి 800 తేడా అంటే మా ఇంట్లో పాల బిల్లులో సగం.

అందుకే చెప్తున్నా, మీ నాన్నో మామయ్యో ఇంకా ఉద్యోగంలో ఉంటే ఈ రోజే పీఎఫ్ ఖాతాలో వాళ్ళ సర్వీస్ హిస్టరీ తెరిచి చూడండి. ప్రతి పాత కంపెనీ ఉందా, చేరిన తేదీ ఉందా, మానేసిన తేదీ ఉందా, పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా. రిటైర్ అయ్యాక దిద్దుకోవడం కంటే ఉద్యోగంలో ఉండగా దిద్దుకోవడం పదింతలు సులువు. ఇంకోటి, ఉద్యోగం మారినప్పుడు పింఛను డబ్బు తీసేసుకోకండి. మా చిన్నాన్న అలాగే రెండుసార్లు తీసేసుకున్నాడు, ఏదో పెళ్ళి ఖర్చు, ఏదో బోరు ఖర్చు. పదేళ్ళ సర్వీసు లేకపోతే నెలసరి పింఛనే రాదు. డబ్బు బదులు, చేసిన సర్వీసుకి పీఎఫ్ ఆఫీసు ఇచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసి పెట్టుకుంటే ఆ ఏళ్ళు అలాగే నిలిచి ఉంటాయి.

50 ఏళ్ళకే ముందుగా పింఛను తీసుకోవచ్చు అని ఎవరైనా చెప్తే తొందరపడొద్దు. 58కి ఎన్నేళ్ళు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోస్తారు, ఆ కోత జన్మంతా ఉంటుంది.

ఇక సర్వీసులో నాకు నిజంగా నచ్చినవి. 2025 జనవరి నుంచి ఏ బ్యాంకులో, ఏ బ్రాంచిలో ఖాతా ఉన్నా పింఛను అక్కడికే పడేలా దేశమంతా ఒకే పద్ధతి పెట్టారు. దేశంలో 68 లక్షల మందికి పైగా ఈ పింఛనుదారులు ఉన్నారు. ఇదివరకు ఊరు మారితే ఆర్డర్ కాగితాన్ని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి మార్పించుకోవాల్సి వచ్చేది, ఆ టెన్షన్ పోయింది. నాన్న సగం నెలలు కుప్పంలో ఉంటాడు, డబ్బు అక్కడి ఏటీఎంలోనే తీసుకుంటాడు. ఎప్పుడూ ఒకటో తేదీకి అటూ ఇటూ పడిపోతోంది, ఈ మూడేళ్ళలో ఒక్క నెల కూడా ఆగలేదు. ఆగలేదంటే అది చిన్న విషయం కాదు, దానికి ఒక స్టార్ పూర్తిగా ఇస్తాను.

రెండోది లైఫ్ సర్టిఫికెట్. ఏడాదికోసారి బతికే ఉన్నామని చూపించుకోవాలి కదా. జీవన్ ప్రమాణ్ అని 2014 నవంబర్‌లో మొదలైన డిజిటల్ పద్ధతి ఉంది, వేలిముద్ర వేస్తే చాలు. చాలు అన్నాను కానీ నాన్నకి అది చాల్లేదు. మొదటి ఏడాది ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. బొటనవేలు పెట్టాడు, మెషిన్ ఎర్ర లైటు. తుడిచి పెట్టాడు, మళ్ళీ ఎర్ర లైటు. చూపుడు వేలు, నడిమి వేలు, ఎడమ చెయ్యి, అన్నీ అయ్యాయి. అక్కడి అబ్బాయి మంచివాడే, కొంచెం కొబ్బరినూనె రాసి చూద్దాం అన్నాడు. అప్పుడు నేను నాన్న వేళ్ళు దగ్గరగా పట్టుకుని చూశాను. గీతలే లేవు. 25 ఏళ్ళు ఇనుప రజను, కూలెంట్ నీళ్ళు, కాటన్ వేస్ట్‌తో తుడుచుకోవడం, అన్నీ కలిసి వేళ్ళ చివరలు గాజుపలకలా నున్నగా అయిపోయాయి. పని చేసినందుకే ఆ గీతలు పోయాయి, ఆ పనికి వచ్చే పింఛను కోసం అవే గీతలు కావాలంటున్నారు. నాన్న ఏమీ అనలేదు, చేతులు వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు.

ముఖంతో చేసే పద్ధతి 2021 నుంచే ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అని రెండు యాప్‌లు ఫోన్‌లో వేసుకోవాలి, పింఛను ఆర్డర్ నంబర్, ఆధార్, బ్యాంకు ఖాతా దగ్గర పెట్టుకోవాలి. మిద్దె మీద పొద్దున ఎండలో నిలబెట్టి, కళ్ళద్దాలు తీయించి, ఒకసారి కళ్ళు ఆర్పమన్నాను. అయిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈపీఎస్ వాళ్ళు నవంబర్ దాకా ఆగక్కర్లేదు, ఏడాదిలో ఎప్పుడు ఇచ్చినా అక్కడి నుంచి 12 నెలలు చెల్లుతుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు పోస్ట్‌మ్యాన్‌ని ఇంటికి పిలిపించుకోవచ్చు, పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు వాళ్ళకి ఆ సేవ ఉంది. లేత్, వెల్డింగ్, కాంక్రీటు, అంట్లు తోమే పని చేసినవాళ్ళ వేళ్ళు ఇలాగే ఉంటాయి, మీవాళ్ళని మెషిన్ ముందు నిలబెట్టి బాధపెట్టకుండా నేరుగా ముఖం పద్ధతికే వెళ్ళండి.

ఈపీఎస్ కాకపోయినా దీనితో పాటే చెప్పుకోవాల్సినది ఒకటి ఉంది. ఈఎస్ఐలో కనీసం ఐదేళ్ళు ఉండి రిటైర్ అయినవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. నాన్న బీపీ మందులు, అమ్మ షుగర్ మందులు దాంతోనే నడుస్తున్నాయి. ఈపీఎస్ పింఛనులో వైద్యం ఏమీ కలిసి రాదు కాబట్టి ఇది మర్చిపోవద్దు.

ఇప్పుడు చేతికొచ్చే సొమ్ముకి ఇచ్చిన ఆ ఒక్క స్టార్ సంగతి.

3,600 రూపాయలు. లగ్గెరెలో మా ఇంటి అద్దెలో మూడో వంతు రాదు. సరే, చిన్న జీతగాడు కాబట్టి చిన్న పింఛను అనుకుందాం. కానీ పెద్ద జీతమున్నా ఈ సీలింగ్ మీద 35 ఏళ్ళు చేసినా వచ్చేది 7,500 మాత్రమే, 15,000ని 35తో హెచ్చవేసి 70తో భాగించి చూడండి. అసలు జీతం మీద ఎక్కువ కట్టుకుని ఎక్కువ పింఛను తీసుకునే దారి 2022 నవంబర్ 4న సుప్రీంకోర్టు తీర్పుతో కొందరికి తెరుచుకుంది, కానీ అది కంపెనీ మొదటినుంచీ అసలు జీతం మీద కట్టినవాళ్ళకి పనికొచ్చింది, నాన్న లాంటి వాళ్ళకి కాదు. కనీస పింఛను 1,000 అని 2014 సెప్టెంబర్‌లో పెట్టారు, ఇప్పటికీ అదే 1,000. పింఛనుదారులు 7,500 ప్లస్ డీఏ కావాలని ఏళ్ళ తరబడి ధర్నాలు చేస్తున్నారు.

నన్ను బాధపెట్టేది మొత్తం చిన్నదవడం కంటే, అది ఎప్పటికీ పెరగకపోవడం. ఈ పింఛనులో డీఏ లేదు. నాన్నకి 58 ఏళ్ళప్పుడు ఎంత ఖాయం చేశారో 78 ఏళ్ళప్పుడూ అంతే, ఎవరో దయతలచి నోటిఫికేషన్ ఇస్తే తప్ప. నాన్న తర్వాత అమ్మకి అందులో సగం, అంటే 1,800. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. గ్యాస్ బండ, బియ్యం, ఆటో చార్జీ, ఏదైనా 2014లో ఉన్న చోటే ఉందా?

కుప్పం దగ్గర మా అవ్వకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛను వస్తుంది, 2024 జులై నుంచి నెలకి 4,000, ఒకటో తేదీన ఇంటికి తెచ్చి చేతిలో పెడతారు. అవ్వకి రావడం నాకు చాలా సంతోషం, జీవితమంతా కూలికి పోయిన మనిషి, ఆమెకి అది హక్కే. కానీ 25 ఏళ్ళు కట్టిన కొడుకు పింఛను అమ్మ పింఛను కంటే తక్కువ అవడం ఏ లెక్కలో సరిపోతుంది? అవ్వ పింఛనుకి కూడా ఒక గండం ఉంది. అది ప్రభుత్వ ఉత్తర్వు మీద నడిచేది, పాలకుల మనసు మీద ఆధారపడేది. కేంద్రం వృద్ధాప్య పింఛనుకి ఇచ్చే వాటా 60 నుంచి 79 ఏళ్ళవాళ్ళకి ఏళ్ళ తరబడి 200 రూపాయలే. రాష్ట్రాలు పైన వేస్తే ఉంది, లేకపోతే లేదు. అందుకే అదే ముసలితనానికి ఆంధ్రలో 4,000, తెలంగాణలో 2,016, మేముండే కర్ణాటకలో 1,200. ఊరు మారితే మనిషి ఆకలి మారుతుందా?

అన్నయ్య సంగతి ఇంకో రకం. 2019లో ఒక చిన్న షెడ్డులో పవర్ ప్రెస్ మీద పని చేస్తుంటే కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. చేతికి అడ్డుగా మెషిన్‌కి ఉండే గార్డు తీసేసి నడిపిస్తే పని త్వరగా అవుతుందని తీసేయించారు. ఆ షెడ్డువాళ్ళు యాక్సిడెంట్ రిపోర్ట్ పెట్టడానికే వారం చేశారు, అప్పుడు నేను గట్టిగా నిలబడకపోతే అదీ పెట్టేవాళ్ళు కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది జరిగితే ఆసుపత్రిలో ఉండగానే రిపోర్ట్ నకలు చేతికి తీసుకోండి. కట్టు ఉన్నన్నాళ్ళూ జీతంలో 90 శాతం ఈఎస్ఐ ఇచ్చింది. తర్వాత మెడికల్ బోర్డు. ఏ వేలికి ఎంత శాతం అని చట్టం వెనక ఒక పట్టికే ఉంటుంది, ఒక చేతికి నాలుగు వేళ్ళు పోతే 50, మూడైతే 30, రెండైతే 20. అన్నయ్యకి 30. అప్పటి జీతం 12,000, రోజుకి 400, అందులో 90 శాతం 360, దానిలో 30 శాతం 108. రోజుకి 108 రూపాయలు, బతికున్నంతకాలం. నెలకి 3,200 పైన. పోయిన చెయ్యికి అది ఏ మూలకూ రాదు, కానీ ఈఎస్ఐలో ధరలు పెరిగినప్పుడు ఈ రకం చెల్లింపులని సవరించే పద్ధతి అంటూ ఒకటి ఉంది. ఈపీఎస్‌లో అదే లేదు.

ఈపీఎస్‌లో అంగవైకల్య పింఛను కూడా ఉంది, ఒక్క నెల కట్టినా వస్తుంది, పదేళ్ళ నిబంధన లేదు, ఇది మంచి ఏర్పాటు. కానీ పూర్తిగా, శాశ్వతంగా పనికి రాకుండా పోతేనే. అన్నయ్య ఇప్పుడు ఒక గోడౌన్ గేటు దగ్గర ఎంట్రీలు రాసుకునే పనిలో ఉన్నాడు, ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు, జీతం పాతదానికంటే తక్కువ, పీఎఫ్ కూడా దాని మీదే. అంటే అతని పింఛను కూడా అంత తగ్గుతుంది. సగం చెయ్యి పోయినవాడికి ఈపీఎస్‌లో సగం సాయం అనేది లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 7 రకాల వైకల్యాలని 21 చేసింది, సాయం ఇచ్చేటప్పుడు మామూలువాళ్ళకి ఇచ్చేదానికంటే కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని 24వ సెక్షన్‌లో రాసింది, అది చాలా గొప్ప మాట. కానీ చాలా సౌకర్యాలకి 40 శాతం వైకల్యం ఉండాలి, దాని కొలత వేరు, దాని బోర్డు వేరు. అన్నయ్యకి అక్కడ 40 రాలేదు. ఒకే చెయ్యి రెండు చట్టాల ముందు రెండు రకాలుగా కనిపిస్తుంది.

కాబట్టి ఈ సేవని బాగు చేయడం కౌంటర్లో కూర్చున్నవాళ్ళ చేతిలో లేదు, యాప్ తయారు చేసినవాళ్ళ చేతిలోనూ లేదు. వాళ్ళు వాళ్ళ పని చాలావరకు బాగానే చేస్తున్నారు. లోపం ఉన్నది చట్టంలో. ఈపీఎస్ అనేది 1952 పీఎఫ్ చట్టం కింద కేంద్రం నోటిఫికేషన్‌తో రాసిన పథకం. సీలింగ్ ఎంత, కనీసం ఎంత, అన్నీ నోటిఫికేషనే. ఎవరూ ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు, అది పన్నెండేళ్ళు అలాగే ఉండిపోతుంది, ఎవరినీ ఎవరూ అడగలేరు. పెంచకపోతే ఎందుకు పెంచలేదో చెప్పాలి అనే నిబంధన దానిలో లేదు.

అలాంటి నిబంధన చట్టంలో రాయడం కష్టమా అంటే, ఇప్పటికే రాశారు. పార్లమెంటు సభ్యుల జీతభత్యాలు, పింఛన్ల చట్టం 1954 నాటిది, దాన్ని 2018 ఫైనాన్స్ చట్టంతో సవరించి ప్రతి ఐదేళ్ళకోసారి ధరల సూచీని బట్టి దానంతట అదే పెరిగేలా రాసుకున్నారు. దాని ప్రకారం మాజీ సభ్యుల పింఛను 25,000 నుంచి 31,000 అయింది, 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా. సరిగ్గా అదే నెలలో మా నాన్న రిటైర్ అయ్యాడు. వాళ్ళకి పెరగడం తప్పని నేను అనడం లేదు. ధరలు పెరిగితే పింఛను పెరగాలి అన్న సూత్రాన్ని వాళ్ళు ఒప్పుకున్నారు, చట్టంలో రాసుకున్నారు, ఆ ఒక్క వాక్యం లేత్ మీద పని చేసినవాళ్ళ పథకంలోకి కూడా రావాలి, అంతే నేను అడిగేది. రాజస్థాన్‌లో 2023లో కనీస ఆదాయ హామీ చట్టం చేశారు, సామాజిక పింఛను కనీసం 1,000 ఉండాలని, ఏటా జులైలో 5 శాతం, జనవరిలో 10 శాతం పెరగాలని అందులోనే రాసేశారు. 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయతో ఇచ్చేది కాదు, చేసిన పనికి హక్కుగా వచ్చేది అని చెప్పింది, తీర్పు వచ్చిన డిసెంబర్ 17ని పింఛనుదారుల దినంగా జరుపుకుంటున్నారు. అది ప్రభుత్వోద్యోగుల కేసే, కానీ ఆ మాట షెడ్డులో పని చేసినవాడికి ఎందుకు వర్తించకూడదు?

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అని అడుగుతారు, అడగాలి కూడా, నేను అకౌంట్స్ మనిషిని కదా, ఆ ప్రశ్న నాకూ వచ్చింది. ఫండు అందరిదీ, కట్టినదానికంటే ఎక్కువ ఊరికే పంచితే రేపటివాళ్ళకి మిగలదు. కానీ సీలింగ్ పెరిగితే కంపెనీలు కట్టేదీ పెరుగుతుంది, కేంద్రం 1.16 శాతం వాటా కూడా దాంతో పాటే పెరుగుతుంది. సీలింగ్‌ని పన్నెండేళ్ళు ఆపేసి ఫండులో డబ్బు చాలదు అనడం సరికాదు. ప్రభుత్వ వాటాని పెంచే సంగతి కూడా పార్లమెంటులో బహిరంగంగా చర్చించాలి.

ఇప్పుడే ఎందుకు అంటున్నానంటే, తొమ్మిది పాత చట్టాలని కలిపిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ, ప్రమాద పరిహారం, అన్నీ అందులోకి చేరాయి. ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకి, అంటే గడువు పెట్టి తీసుకున్నవాళ్ళకి, ఏడాదికే గ్రాట్యుటీ, డెలివరీ కుర్రాళ్ళ కోసం యాప్ కంపెనీల టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం, ఇవి బాగున్నాయి. కర్ణాటక అయితే 2025లో గిగ్ వర్కర్లకి సొంత చట్టమే తెచ్చింది. కానీ పింఛను విషయంలో కోడ్ కూడా పాత దారే పట్టింది, కేంద్రం నోటిఫికేషన్‌తో పథకం రాస్తుంది అని. ఆ కొత్త పథకం రాసేటప్పుడే ధరల సూచీ వాక్యం చేర్చకపోతే మళ్ళీ ఎన్నేళ్ళు ఆగాలో.

అందుకని గత నెలలో మా ఎంపీకి ఉత్తరం రాశాను. మూడే అడిగాను: పింఛనూ సీలింగూ ధరలతో పాటు ప్రతి ఏటా పెరగాలని చట్టంలోనే రాయండి, పాక్షికంగా వికలాంగులైన కార్మికులకి ఆ శాతం మేరకు పింఛను పెట్టండి, భార్యకి సగం కాకుండా కనీసం నాలుగింట మూడు వంతులైనా వచ్చేలా చూడండి. మూడోది అమ్మ చెప్పి రాయించింది. నాన్న తెలుగులో సంతకం పెట్టాడు. అన్నయ్య ఎడమచేత్తో పెట్టాడు, రెండుసార్లు చిత్తుకాగితం మీద రాసి చూసుకుని. స్పీడ్ పోస్ట్ చేసి వచ్చాను. రసీదు నాన్న అడిగి తీసుకుని, తేదీ మీద పెన్నుతో దిద్ది, బీరువా మీది ఆ చీరల కవర్లో పెట్టాడు.